పట్టా కింద పద్మిని

ముత్తుకూరు దగ్గర, మా రొయ్యల గుంటల పక్కనున్న రేకుల షెడ్డులో నాన్న పద్మిని కారు ఏళ్ల తరబడి నిద్రపోయింది. ఉప్పుగాలి తగలకూడదని అక్కా నేనూ దానికి గుంటలో పరిచే నల్ల ప్లాస్టిక్ పట్టా చుట్టి, తాళ్లతో బిగించాం. గాలి లోపలికి పోలేదు. తేమ బయటికీ పోలేదు. విప్పి చూస్తే తలుపుల అంచులు బిస్కెట్టు పొడిలా రాలాయి. నా దగ్గర ఇంజనీరింగ్ పట్టా కూడా ఒకటుంది. కారుకు ఏ పట్టా వల్ల ఎక్కువ నష్టం జరిగిందో చెప్పలేను.

అప్పటికే అక్క చర్చిలో సాక్ష్యం చెప్పేసింది, వచ్చే ఆదివారం నాన్న కారులోనే ఆరాధనకు వస్తానని. జరగబోయేదానికి ముందే స్తోత్రం చెల్లించడం మావాళ్ల అలవాటు. కారు కదలకపోతే సంఘం ముందు అక్క తలెత్తుకోలేదు.

"తాళం తిప్పరా. దేవుడు చూసుకుంటాడు."

"ఆయనకంటే ముందు ఎలుకలు చూసుకున్నాయక్కా."

ఎయిర్ ఫిల్టరు డబ్బాలో మేత సంచుల పీచుతో చక్కటి గూడు. కారు కదలదేమోనన్న భయం పోయి, నాకు ఇంకా ఏముందో చూడాలన్న ఆత్రం పట్టుకుంది. ట్యాంకులో పెట్రోలు వార్నిష్ వాసన కొడుతోంది. వంపేశాను. ప్లగ్గులు విప్పి సిలిండర్లలో కాస్త నూనె పోసి, మర్నాటిదాకా వదిలేశాను.

"ఆవకాయేందిరా, ఊరబెడతా ఉండావు?" అంది అక్క.

ఊరింది. మర్నాడు ఇంజను ముందున్న పుల్లీకి పానా తగిలించి మెల్లగా తిప్పితే, కాసేపు బెట్టు చేసి కదిలింది. ఇంజను పట్టేయలేదు! కొత్త ఆయిలు, కొత్త పెట్రోలు, కొత్త బ్యాటరీ. శనివారం షెడ్డు తలుపులు బార్లా తీసి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి తాళం తిప్పాను. దగ్గింది, పొగ కక్కింది, తర్వాత నిలకడగా పలికింది.

"స్తోత్రం!" అంటూ అక్క వెనక సీట్లో కూర్చుంది. "పోనీరా, గేటుదాకా!"

నాకూ ఆశే. రాళ్లు తీసే ముందు బ్రేకు తొక్కి చూశాను. పెడలు ఎక్కడా ఆగకుండా నేలకు తగిలింది. వంగి చూస్తే, పగిలిన రబ్బరు గొట్టం నుంచి బ్రేకు ఆయిలు కారుతోంది. చర్చికి దారి గుంటల గట్టు మీదే.

"అక్కా, ఇది పోతుంది. ఆగదు."

"ఆగకపోతే?"

"నేరుగా రొయ్యల్లోకే."

ఇంజను ఆపాను. అక్క దిగలేదు. "అందరికీ చెప్పేసినాను గదరా," అంది.

"బ్రేకుల సంగతి కూడా చెప్పు."

చెప్పింది. ఆదివారం నా మోటారు సైకిలు వెనక కూర్చుని వెళ్లి, సంఘం ముందు లేచి, కారుకు ప్రాణం వచ్చిందనీ, బ్రేకులు రాలేదనీ, వాటికోసం ప్రార్థించమనీ అడిగింది. ఎవరూ నవ్వలేదు. ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారితో పాటు సగం చర్చి మా షెడ్డుకే వచ్చింది.

రాళ్లు తీయకుండానే స్టార్టు చేశాను. తెల్లచీరలో అక్క వెనక సీట్లో. అయ్యగారు బానెట్టు మీద చెయ్యి పెట్టి, "ఈ బండికి కదిలే శక్తినిచ్చిన తండ్రీ, ఆగే బుద్ధిని కూడా దయచేయి," అన్నారు. ఆయన కళ్లు మూసే ఉన్నాయి గానీ, మొహం మాత్రం అక్కవైపే తిరిగింది.

అందరికంటే గట్టిగా ఆమెన్ చెప్పింది అక్కే.