చెవితో ఎంచుకున్న మిషన్

భుయ్యాడీహ్‌లో తవిటయ్య రోజూ పొద్దున్నే భార్య పద్మకుమారి ఇడ్లీ బండి ఇరుసును వేలితో తట్టి చూస్తాడు. పోయినేడు అది విరిగి బండి ఆగిపోయింది. రిటైరైన వెల్డరు కదా, ఇంట్లోనే అతుకుదామని కూతురు శైలజతో వెల్డింగ్ మిషన్ కొనడానికి వెళ్లాడు. దుకాణదారు చిన్నది చూపించాడు.

"ఇదేటమ్మా, టిఫిన్ డబ్బాలాగుంది? ప్లాంటులో మాది బీరువా అంతుండేది," అన్నాడు తవిటయ్య.

"అంతది పెడితే మన గల్లీలో లైట్లన్నీ గుల్, ఆరిపోతాయి నాన్నా," అంది శైలజ.

ఒక వెల్డింగ్ రాడ్ కాల్చి చూపమని దుకాణదారుకు చెప్పి, తవిటయ్య గోడవైపు తిరిగి చెవి పెట్టి నిలబడ్డాడు. నూనెలో పకోడీలు వేగుతున్నట్టు, ఎక్కడా తెగకుండా చిటపటలు వినిపించాయి.

"మోత ఎక్కడా తెగలేదు, అతుకు నిలబడతాది. ఇదే ఇమ్మను," అన్నాడు.

ఆ మిషన్‌తో అతికిన ఇరుసు మీదే ఇప్పుడు పద్మకుమారి బండి రోజూ సిద్ధగోరా దాకా వెళ్లొస్తోంది.