పదహారు రోజుల కంకణం

తెనాలిలో, ఇనప కడ్డీని గిరగిరా తిప్పి చెక్కే లేతు మిషను పని నేర్పే రోజుల్లో పిల్లలు నన్ను చాటుగా పోలీసు అనేవాళ్లు. విని కూడా విననట్టు ఊరుకునేవాణ్ణి. చొక్కా చేతులు మోచేయి పైకి మడవాలి. వాచీ, ఉంగరం తీసేయాలి. భుజం మీద తువ్వాలు కనిపిస్తే లాగి కిటికీలోంచి విసిరేసేవాణ్ణి. కోపం నాకు ముక్కు మీదే ఉండేది. తాయెత్తు విప్పనన్న ఒకణ్ణి వారం రోజులు గుమ్మం బయటే నిలబెట్టాను.

అలాంటి నేను ఆ ఒక్కరోజు మెత్తబడ్డాను.

డెబ్బైల మొదట్లో సంగతి. చెరుకుపల్లి నుంచి వచ్చే ఇరవయ్యేళ్ల విద్యార్థికి బాపట్ల అమ్మాయితో పెళ్లయింది. పరీక్షలు దగ్గర పడ్డాయని నాలుగో రోజే క్లాసుకొచ్చాడు. కుడి మణికట్టుకు పెళ్లినాటి పసుపు దారం, దానికి పసుపుకొమ్ము.

"ఏంట్రా అది? తీసెయ్" అన్నాను.

"పదహారు రోజుల పండగ దాకా విప్పకూడదండి. మా అన్నయ్య ముందే విప్పేశాడండి. ఏడాది తిరక్కుండా మా వదిన పురిట్లో పోయిందండి. మా అమ్మ ఒట్టేయించుకుందండి."

అప్పుడు ఇంట్లో మా ఆవిడకు నెలలు నిండుతున్నాయి. మళ్లీ తీసెయ్ అనలేకపోయాను. పోనీ, ఆ పదహారు రోజులూ మిషను దగ్గరికి రావద్దు అనొచ్చుగా? ఆ పాటి బుద్ధి పుట్టలేదు. దారం వేలాడకుండా దాని మీద నా జేబురుమాలే గట్టిగా చుట్టి, ముడేసి, "ఊఁ, పో" అన్నాను.

మూడో రోజు రుమాలు కొస ఊడి, తిరిగే కడ్డీకి చుట్టుకుంది. ఉత్త దారమైతే పుటుక్కున తెగేదేమో! రుమాలు తెగలేదు. నేను పరిగెత్తి స్విచ్ కట్టేసేలోగా అతని రెండు వేళ్లు నలిగిపోయాయి.

మర్నాడు ఆసుపత్రిలో ప్రిన్సిపాలు గారు మంచం పక్కన నిలబడి అడిగారు. "దారం తియ్యమని మీ సార్ చెప్పలేదా?"

అతను నా వంక చూశాడు. "చెప్పారండి. నేనే వినలేదండి."

"మరి ఆ రుమాలు?"

"నేనే కట్టుకున్నానండి."

నేను అక్కడే ఉన్నాను. కాదండీ, నేనే కట్టాను అంటే నా ఉద్యోగం పోతుంది. మాట వినని విద్యార్థి అని ప్రిన్సిపాలు గారు అక్కడికక్కడే రాసి, అతన్ని క్లాసు నుంచి తీసేస్తున్నామని చెప్పారు. కింద నా చేత సంతకం పెట్టించారు. పెట్టాను.

బయటికొస్తుంటే ఆ కొత్త పెళ్లికూతురు వరండా దాకా నా వెనకే వచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"మీ మాట వినకుండా మీకు చెడ్డపేరు తెచ్చారండి. ఏమీ అనుకోకండి సార్" అంది.

"పర్లేదులేమ్మా" అన్నాను. ఛీ, నిజంగా అలాగే అన్నాను.