శనివారం పాఠం, హాలీవుడ్ పూజారి

పాత హాలీవుడ్ సినిమాలంటే నాకు అసహ్యం. స్టూడియోల స్వర్ణయుగమని మా తరంవాళ్ళు ఇంకా మురిసిపోతుంటారు. ఆ యుగంలో తెల్లవాళ్ళు ఒళ్ళంతా గోధుమరంగు పూసుకుని మాలాంటివాళ్ళ వేషం కట్టేవారు. వేషాన్ని ఓర్చుకోగలను. ఆ వేషంలో వాళ్ళు కూసిన కూతలను ఓర్చుకోలేను.

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్ళకు, లౌటోకాలో మా తెలుగు సంఘం హాలులో శనివారం మధ్యాహ్నాలు పిల్లలకు తెలుగు చెప్పేవాణ్ణి. ఇళ్ళల్లో అంతా ఫిజీ హిందీయే. అక్షరాలు దాటించి చిన్న వాక్యాల దాకా వాళ్ళను తీసుకురావడానికి నానా తంటాలు పడ్డాను. సంఘం అధ్యక్షుడు మా అక్క భర్త, పేరున్న లాయరు. ఆయనకు ఆ శనివారాలు కావాలి. ప్రొజెక్టరు తెచ్చి పాత ఇంగ్లీషు సినిమాలు వేస్తే హాలు నిండుతుందని ఆయన వాదన. ముందు ఒకటి వేసి చూద్దాం, తరువాత తేలుద్దాం అంది కమిటీ.

ఆ సినిమా పేరు నా డైరీలో కావాలనే రాయలేదు. ఇండియా అడవిలో జరిగే కథట. స్టూడియో కప్పు కింద కుండీల్లో పెట్టిన చెట్లవి, ఒక్క ఆకూ కదల్లేదు. టోపీ దొర చిరుతను చంపాడు. రంగు పూసుకున్న పూజారి రాతిబొమ్మ ముందు చేతులెత్తి గడగడా ఏదో అన్నాడు. అది ఏ భాషా కాదు. ఆ కంపెనీలో ఎవడో నోటికొచ్చిన అక్షరాలు కాగితం మీద గీకి ఉంటాడు. ఇండియా భాష వచ్చినవాడెవడూ టికెట్టు కొనడని వాళ్ళ ధీమా.

బావ లేచి ప్రొజెక్టరు ఆపించాడు. "సునో, ఇది మన తెలుగు. హాలీవుడ్‌వాడు కూడా మన బోలీ పెట్టాడు. పిల్లలకు ఇంతకన్నా పాఠం ఏం కావాలి?"

చప్పట్లు మోగాయి. పిల్లలు అప్పటికే పూజారి అన్న ముక్క బట్టీ పట్టేశారు. నేను కాదన్నాను. మాస్టరుకు పుస్తకాల తెలుగే వచ్చునని బావ అందరినీ నవ్వించాడు. కమిటీలో చాలామందికి తెలుగు అంతంతమాత్రం, ఎవరిని నమ్మాలో వాళ్ళకు తెలియలేదు. హాలులోనే ఉన్న మా అమ్మను అడగమని అన్నది నేనే. ఆమె నెల్లూరు దగ్గర పుట్టి, చిన్నపిల్లగా తల్లిదండ్రులతో గిర్మిట్ ఒప్పందపు కూలీల ఓడలో వచ్చింది. ఆమె తెలుగుకు ఆ హాలులో ఎదురు లేదు. నా శనివారాలు దక్కినట్టే అనుకున్నాను.

రీలు వెనక్కి తిప్పి పూజారి చేత మళ్ళీ పలికించారు. అమ్మ ఇంకోసారి వేయమంది. విని, నెమ్మదిగా చెప్పింది: "మా పక్క మాట కాదబ్బా. విశాఖపట్నం వాళ్ళదేమో."

కమిటీకి అది చాలు. ఆ సాయంత్రమే శనివారాలు సినిమాలకు పోయాయి.

టాక్సీలో ఇంటికి వెళ్తూ, అంత పిచ్చికూత తెలుగెట్లా అవుతుందని అమ్మను నిలదీశాను. చిన్నప్పుడు తామున్న ఇంకో దీవి గురించి, అక్కడి వునిమోలి చెరకు తోటల్లో వరస గదుల కూలీ లైన్ల గురించి చెప్పింది. ఒక్కో గదిలో ఒక్కో జిల్లావాళ్ళు. విశాఖవాళ్ళ మాట తమకు సగం అర్థమయ్యేది కాదు. తమ మాటకు వాళ్ళు నవ్వేవాళ్ళు.

"నీది తెలుగే కాదు పొమ్మన్నారు నన్ను. ఆ మాట నేను ఇంకొకరిని ఎట్ట అనేది?"

"వాడు తెల్లోడమ్మా. రంగు పూసుకున్నాడు."

"పూసుకుంటే పూసుకున్నాడులే. దేవుడి ముందర నిలబడ్డాడు గదా."

కూలీ లైన్లలో ఆమె నేర్చుకున్న మర్యాద, ఎవడో జీతగాడు గీకిన కూతను తెలుగు చేసిపెట్టింది. ఆ స్టూడియోలను, ఆ దర్శకులను ఎవరైనా పొగిడితే ఈనాటికీ అక్కణ్ణుంచి లేచిపోతాను.

మరునాడు హాలు తాళంచెవి అప్పగించడానికి బావ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబడి, అది తెలుగు కాదని నీకూ తెలుసు బావా అన్నాను.

తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "అత్తమ్మ కన్నా నీకు జాస్తీ మాలూమా, బామ్మర్దీ?"