కొమురవ్వ పేరు మీద పాకీటు

"ఇంక రాయుండ్రి అక్కా, అమ్మ లేదు గదా" అని జితేందర్ ఫోన్‌లో చెప్పి వారమైంది. వాళ్లమ్మ కొమురవ్వ పోయి అప్పటికి ఏడాది. ఆమె ఉన్నన్నాళ్లూ ఈ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే, అతనూ నేనూ. ఇద్దరం నోళ్లు కుట్టేసుకున్నాం. నాకు కోపం వచ్చినా, ఏడుపు వచ్చినా నాలోనే ఉంచుకున్నాను.

మాది కాకినాడ. మా ఆయన హజీరాలో ఇంజనీరు కావడంతో నేనూ బదిలీ పెట్టుకుని సూరత్ వచ్చాను. ఉధ్నా వైపు ఒక ప్రభుత్వ బ్యాంకులో కొత్త ఖాతాల కిటికీ నాది. తెలుగు మేడమ్ ఉందని ఎవరు చాటింపు వేశారో గాని, నవాగామ్ నుంచీ భేస్తాన్ నుంచీ, తెలంగాణ వదిలి వచ్చిన మరమగ్గాల వాళ్లందరూ నా కిటికీ ముందే బారులు తీరేవారు. వాళ్ల ఫారాలు నింపేదీ, పరిచయ సంతకం పెట్టేదీ నేనే. "వసంతలక్ష్మి గారూ, మీకు జీతం మేమిస్తున్నామా, తెలంగాణ ఇస్తోందా?" అని మా మేనేజరు హిందీలో ఎగతాళి చేసేవాడు. నేనూ ఊరుకునేదాన్ని కాదు, ఆయన టేబుల్ మీద పేరుకున్న ఫైళ్ల సంగతి గుర్తుచేసేదాన్ని.

జితేందర్ మొదటిసారి వచ్చింది రెండువేల ఆరు వరద తర్వాత, అక్టోబరులో. పాతికేళ్లు దాటినట్టున్నాడు. చొక్కా గుండీలన్నీ మెడదాకా పెట్టుకుని, పరీక్ష రాయడానికి వచ్చినవాడిలా బిగుసుకుని నిలబడ్డాడు. వేద్ రోడ్డులో ఒక ఎంబ్రాయిడరీ కార్ఖానాలో కంప్యూటర్ మీద చీరల డిజైన్లు చేసే పని అతనిది. తాపీ నది నీళ్లు అతను అద్దెకున్న కింది గదిని ముంచేశాయి. లైసెన్సు, పాసుబుక్కు, పదో తరగతి సర్టిఫికెట్ ఏవీ మిగలలేదు. నవాగామ్‌లో తల్లి దగ్గరకు చేరాడు.

"ఖాతా కావాలె మేడమ్. నా తాన ప్రూఫ్ ఏం లేదు. బాహర్ దేశం కెళ్లి పైసలొస్తయి."

డిజైన్లకు వచ్చే డబ్బు అనుకున్నాను. "మీ ఇంట్లో ఎవరి పేరు మీద ఏమున్నాయి?" అని అడిగాను.

"అమ్మ పేరు మీద లైట్ బిల్లున్నది. ఎలక్షన్ కార్డున్నది."

"అయితే మొదటి పేరు అమ్మది, రెండో పేరు నీది. ఎవరు సంతకం పెట్టినా చెల్లుతుంది. వెళ్లి అమ్మను తీసుకురా" అన్నాను. ఇంత సులువుగా తేల్చేసినందుకు నాకు నేనే మురిసిపోయాను.

మర్నాడు కొమురవ్వ వచ్చింది. దారం కోసుకుపోయిన వేళ్లు, నున్నగా దువ్విన నెరిసిన తల. ఎవరి కార్ఖానాలోనో దారం కండెలు చుట్టే పని, రోజుకు పన్నెండు గంటలు. నేను ఫారం నింపుతున్నంతసేపూ తన బతుకంతా చెప్పింది. ఒకప్పుడు వాళ్లకు సొంత సాంచెలు ఉండేవట. మరమగ్గాలను వాళ్లు సాంచెలంటారు. రెండు సాంచెలు, ఇంటి ముందు వసారాలోనే. ఆమె భర్త ఒక శ్రావణంలో, ఊరంతా పేకాట ఆడే సాతమ్-ఆఠమ్ పండగకు కూర్చుని రెండింటినీ పోగొట్టాడు. తర్వాత రెండేళ్లకు మనిషీ పోయాడు.

"గప్పుడు వీనికి పదకొండేండ్లు. నా నెత్తి మీద చెయ్యి వెట్టిచ్చి ఒట్టేపిచ్చిన బిడ్డా, పత్తా ముట్టద్దని. ఇయ్యాల్టిదాక ముట్టలే. పండుగకు దోస్తులు కూసుంటె గూడ వీడు బయటికొస్తడు" అంది.

పత్తా అంటే పేకముక్క. జితేందర్ నేలకేసి చూస్తున్నాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

జనవరిలో విదేశం నుంచి మొదటి డబ్బు పడింది. పంపినవాళ్ల పేరు చూస్తే బట్టల వ్యాపారంలా లేదు. పిలిపించి గట్టిగా అడిగితే చెప్పేశాడు. పోకర్. ఇంటర్నెట్‌లో పేకాట.

నాకు ఒళ్లు మండింది. "తల్లి నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశావు కదయ్యా!"

"నేను పత్తా ముట్టలేదక్కా. మౌస్ ముట్టిన, గంతే" అన్నాడు. అప్పుడే మొదటిసారి అక్కా అన్నాడు. ఆ జవాబుకు నవ్వాలో తిట్టాలో తెలియక రెండూ చేశాను. డ్యూటీ అయ్యాక ఉధ్నాలో ఒక సైబర్ కేఫ్‌లో రెండు గంటలు కూర్చుంటాడట. చిన్న చిన్న బల్లల దగ్గరే ఆడతాడట. నాలుగు ఆటలు పోతే లేచి వచ్చేస్తాడట. తండ్రి ఎక్కడ లేవలేదో అక్కడ తను లేస్తాడట. ఎందుకిదంతా అంటే ఒకటే మాట. "రెండు సాంచెలు దేవాలె అక్కా. మా వసారాల వెట్టాలె. అమ్మ ఒగరి కార్ఖానకు పోవద్దు."

అప్పుడు తన నోటుబుక్కు తెరిచి చూపించాడు. ఆట గురించి అందులో నాలుగు పేజీలుంటే, డబ్బు వెళ్లే దారీ వచ్చే దారీ గురించి ముప్పై పేజీలున్నాయి. ఆ ఆటకు డబ్బు నేరుగా కట్టడం కుదరదు, మధ్యలో ఇంటర్నెట్ పర్సు ఒకటి ఉండాలి. దాన్ని సూరత్ భాషలో పాకీటు అనేవాడు. వాటి పేర్లు నోరు తిరగక రంగులతో గుర్తు పెట్టుకున్నాడు. ఎర్ర పాకీటులోకి డబ్బు చిటికెలో వెళుతుంది గాని బయటికి చెక్కుగానే వస్తుంది. ఆ చెక్కు లండన్ నుంచి వచ్చి మా బ్యాంకులో మారేసరికి నెలన్నర. పచ్చ పాకీటు పోయేటప్పుడు కొంతా వచ్చేటప్పుడు కొంతా కోసుకుంటుంది. నీలం పాకీటు అయిదు రోజుల్లో నేరుగా ఖాతాలో వేస్తుంది గాని, ఫోటో గుర్తింపూ లైట్ బిల్లూ అడుగుతుంది. బ్యాంకుల సంగతి కూడా రాశాడు. మా బ్యాంకు కార్డు దేశం దాటదని, ఫలానా ప్రైవేటు బ్యాంకు కార్డు రెండుసార్లు పనిచేసి మూడోసారి మొరాయించిందని, అందుకే కేఫ్‌లో ఇంకొకతనికి నోట్లిచ్చి అతని పాకీటు నుంచి తన దాంట్లోకి వేయించుకుంటున్నానని. మా ఇన్‌స్పెక్టర్లు కూడా అంత శ్రద్ధగా రాయరు. చివరికి నీలం పాకీటు ఎంచుకున్నాడు. కాగితాలు తల్లివి కాబట్టి పాకీటు తల్లి పేరు మీదే. ఫోన్ నంబరూ ఆమెదే, వరదలో నాలుగు రోజులు ఆమె జాడ తెలియక అల్లాడిపోయి తర్వాత కొనిచ్చిన సెల్లుది.

ఆ రోజు నేను మానెయ్యమని చెప్పాల్సింది. చెప్పలేదు. బ్యాంకు బుద్ధి కదా, వేరే సలహా ఇచ్చాను. "ఇలా పదివేలూ పన్నెండువేలూ తెచ్చుకుంటే ప్రతిసారీ కొంత పాకీటు కోతలకే పోతుంది. అక్కడే పోగుచెయ్యి. సాంచెలకు సరిపడా అయ్యాక ఒకేసారి తీసుకో" అన్నాను. అతను నోటుబుక్కులో రాసుకుని కింద గీత గీశాడు. ఆ గీత నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది.

ఏడాది పైన పట్టింది. రెండువేల ఎనిమిది మార్చికి నాలుగు వేల డాలర్లయ్యాయి, లక్షా అరవై వేలు. రెండు పాత సాంచెలు, పైన రేకులు, కరెంటు కనెక్షను, అన్నిటికీ సరిపోతుంది. లింబాయత్‌లో సాంచెలు చూసి మాట్లాడుకుని వచ్చాడు. ఒక శుక్రవారం పొద్దున డబ్బు కోసం మీట నొక్కాడు. పెద్ద మొత్తం కాబట్టి మూడు పనిదినాల్లో ఖాతాదారుకు ఫోన్ చేసి నిర్ధారించుకుంటామని తెర మీద వచ్చింది. చిన్న చిన్నగా తెచ్చుకుని ఉంటే ఆ ఫోను వచ్చేదే కాదు.

రిపేరని చెప్పి తల్లి దగ్గర సెల్లు తీసుకున్నాడు. కార్ఖానాలో ఒకావిడను కొమురవ్వలా మాట్లాడమని ఒప్పించి పెట్టుకున్నాడు. శుక్రవారం, శనివారం, ఆదివారం అని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. సాంచెల మధ్య పెరిగినవాడికి ఆదివారం సెలవన్న ఊహే లేదు. వాళ్లకు ఏ వీధికి ఏ రోజు కరెంటు కోస్తే ఆ రోజే సెలవు. మూడు రోజులూ ఫోను రాలేదు. ఇక చెయ్యరులే, డబ్బు వచ్చేస్తుంది అనుకుని సోమవారం సెల్లు తల్లికి ఇచ్చేశాడు. శని ఆదివారాలు లెక్కలోకి రావని నన్నొక్క మాట అడిగితే చెప్పేదాన్ని. ప్రతిదానికీ అక్కా అక్కా అని పరిగెత్తుకొచ్చేవాడు, ఆ ఒక్కటీ అడగలేదు.

మంగళవారం కొమురవ్వకు కరెంటు సెలవు. కండెల మిషన్ల మోత లేదు, ఇంటి గడప మీద కూర్చుని ఉంది. ఫోను మోగింది.

ఆ సాయంత్రం అన్నం పెడుతూ ఆమె కొడుకుతో చెప్పిన మాటలు అతను నాకు అలాగే చెప్పాడు. "ఎవరో పోరి, హిందీల మాట్లాడింది కొడుకా. కొమురవ్వేనా అన్నది. అవునన్న. మీరు పోకర్ ఆడతరా అన్నది. గదేంది బేటీ అన్న. తాష్, మాజీ! పత్తాలు అన్నది. నాకు కోపమచ్చింది. మా ఇంట్ల పత్తాను ఎవ్వలు ముట్టరు, నా కొడుకు అసలే ముట్టడు, రాస్కో అన్న. రాస్కున్నదట. మల్ల శుక్రియా గూడ చెప్పింది."

"నువ్వేమన్నావు?" అని అడిగాను.

"మంచిగ చెప్పినవ్ అమ్మా అన్న" అన్నాడు జితేందర్. నా కిటికీ అవతల నిలబడే ఆ మాట చెప్పాడు. వెనక వరుసలో జనం ఉన్నారు. నేను నా చేతిలోని రబ్బరు ముద్రను ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకున్నాను.

పాకీటు వాళ్ల ఉత్తరం కంప్యూటర్ నుంచి తీసి తెచ్చాడు. ఖాతాదారు తాను ఆడనని చెప్పినందున ఖాతా ఆపేశాం, పద్నాలుగు రోజుల్లో ఆమే ఫోన్ చేసి తనే ఆడానని చెప్పకపోతే డబ్బు దక్కదు అని ఉంది. మొదటి ఫోను రికార్డయింది కాబట్టి అదే గొంతు కావాలట. ఇంకొకరు మాట్లాడే దారి లేదు.

"ఒక్క మాట జితేందర్! అమ్మకు విషయం చెప్పు, ఒక్కసారి హా అనిపించు. తిడితే తిడుతుంది. సాంచెలు వచ్చాక తనే సర్దుకుంటుంది" అన్నాను.

"పదిహేనేండ్ల సంది అమ్మ గా ఒక్క ముచ్చట మీద బతుకుతున్నదక్కా. గామె నోటితోటి పత్తాలాడిన అని ఎట్ల చెప్పిస్త?"

"మరి సాంచెలు?"

అతను ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని పనికి వెళ్లిపోయాడు.

రోజూ ఫోన్ చేసి తిట్టేదాన్ని. నోటిదాకా వచ్చిందక్కా, కానీ చెప్పలేకపోయిన అనేవాడు. పదో రోజున నాకు ఓపిక చచ్చిపోయింది. సగం తప్పు నాది. చెప్పే పాపం నేనే మోస్తానని, అతనికి చెప్పకుండా ఆటో ఎక్కి నవాగామ్ వెళ్లాను.

కొమురవ్వ నన్ను చూసి చిన్నపిల్లలా సంబరపడింది. చాయ్ పెట్టింది. వసారా చూపించింది. సాంచెలను బిగించిన మేకుల గుంతలు నేల మీద ఇంకా అలాగే ఉన్నాయి, సిమెంటు పెట్టి పూడ్చనివ్వలేదట. ఇల్లు ఊడ్చినప్పుడల్లా వాటిలో చేరిన దుమ్మును వేలితో తీస్తుందట. ఆ తర్వాత ఫోను సంగతి ఎత్తింది. వీధిలో అందరికీ చెప్పినట్టుంది, పక్కింటావిడ కూడా వచ్చి తల ఊపుతూ వింది.

"సర్కారోళ్లే అయ్యుంటరు బిడ్డా. ఎవలింట్ల ఆడుతున్నరో రాస్కుంటున్నరేమో. నా మొగని పేరు గప్పుడు ఊరంత పత్తాల పేరైపాయె. గిప్పుడు నా కొడుకు పేరు మంచిగ రాసుకున్నరు" అంది. చెబుతుంటే కళ్లు తుడుచుకుంది.

నేను చాయ్ తాగాను. బాగుందన్నాను. గ్లాసు కింద పెట్టి, ఆలస్యమైందని లేచి వచ్చేశాను. ఆటోలో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆటోవాడు ఎవరైనా పోయారా బెహన్ అని అడిగాడు.

పద్నాలుగో రోజు గడిచింది. డబ్బు పోయింది. లింబాయత్ సాంచెలు ఇంకెవరో కొనుక్కున్నారు. జితేందర్ మళ్లీ కేఫ్ గడప తొక్కలేదు. రెండు షిఫ్టులు చేసి పాసుబుక్కులో నెలకు అయిదొందలూ ఆరొందలూ వేసేవాడు. ఆ అంకెలు చూస్తే సాంచెలకు ఇరవై ఏళ్లు పట్టేట్టుంది. కొమురవ్వ కండెలు చుట్టడానికి వెళుతూనే ఉంది. ఆ చలికాలం నుంచి దగ్గు మొదలైంది.

రెండువేల తొమ్మిది జూన్‌లో నాకు వడోదరకు బదిలీ అయింది. ఆఖరి రోజు తల్లీకొడుకులిద్దరూ వచ్చారు. స్టీలు డబ్బా నిండా సకినాలు తెచ్చింది కొమురవ్వ. మనిషి సగమైంది. రెండు మాటలకోసారి దగ్గుతోంది. నా చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరే అడిగింది.

"బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి, చెప్పు. గా పోరి మల్ల ఫోన్ జేస్తదా?"

"ఎందుకవ్వా?"

"ఏం లేదు, నా పానం మంచిగ లేదు గదా. నేను పోయినంక చేస్తె జవాబెవలు చెప్తరు? ఇంకొక్కపారి చేస్తె మల్ల గదే చెప్త. నా కొడుకు ముట్టడని."

నేను జితేందర్ వైపు చూడలేకపోయాను. అతనే తల్లి భుజం మీద చెయ్యి వేశాడు.

"చేస్తదమ్మా. చేస్తె మల్ల గదే చెప్పు" అన్నాడు.

షిఫ్టుకు వేళైందని ఆమె తొందరపెట్టింది. కొంగు చివర ముడివేసుకున్న సెల్లు ఫోను ఉందో లేదో తడిమి చూసుకుని మెట్లు దిగింది.