వేలిముద్రలు, త్రిబుల్ రైడింగు

బహ్రెయిన్‌లో నన్నెవరూ అరెస్టు చెయ్యలేదు. నేనే వెళ్ళి, అడగకుండానే నేరం ఒప్పుకున్నాను. ఆ ఘనకార్యం చెబుతాను, మీరు నవ్వితే నేనేమీ అనుకోను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. చెవులు పరీక్షించి వినికిడి మిషన్లు పెట్టడం నా పని. అక్కడ తుబ్లీ అనే ఊళ్ళో ఒక క్లినిక్‌లో, పెద్ద డాక్టరు కింద తాత్కాలిక అనుమతితో మూడు నెలలుగా నెట్టుకొస్తున్నాను. అసలు లైసెన్సు రావాలంటే పోలీసులకు వేలిముద్రలిచ్చి, నా మీద ఏ కేసూ లేదని కాగితం తేవాలి. అది రాకపోతే వీసా రద్దు, తిరుగు విమానం. హైదరాబాదులో ఉద్యోగం వదిలేసి వచ్చినవాణ్ణి, దిగాక ఎవరికి ముఖం చూపించాలో కూడా తెలీదు.

భయమెందుకంటారా? కాలేజీ రోజుల్లో నారాయణగూడలో ఒకే స్కూటరు మీద ముగ్గురం పోతూ పోలీసులకు దొరికాం. గంటసేపు స్టేషను బెంచీ మీద కూర్చోబెట్టి, ఇకమీదట బుద్ధిగా ఉంటామని రాయించుకుని వదిలేశారు. ఈ కాగితం కోసం పెట్టిన దరఖాస్తులో "ఎప్పుడైనా పోలీసులు పట్టుకున్నారా" అన్నచోట నేను "లేదు" అని రాసి సంతకం పెట్టాను. ఆ రెండక్షరాలు వారం రోజులు నాకు అన్నం సహించనివ్వలేదు.

క్లినిక్ డ్రైవరు ఖాజా భాయ్‌ది జగిత్యాల. వేలిముద్రలివ్వడానికి వెళుతూ, ధైర్యం చెబుతాడేమోనని కారులో ఆయనకు సంగతి చెప్పుకున్నాను.

"గిట్ల అబద్ధం రాస్తరా సార్?" అన్నాడు. "ఈడ వేలు పెట్టంగనే పుట్టినకాడికెల్లి అన్నీ కంప్యూటర్ల వస్తయంట. అడగకముందే చెప్పుకుంటే ఇడిచిపెడ్తరేమో."

కారు పోలీసు ఆఫీసు ముందు ఆగింది.

లోపల బల్ల వెనక ఒక పెద్ద మీసాల అధికారి. నా వేళ్ళకు సిరా పూస్తూ ముఖంలోకి తేరిపార చూశాడు. "నిన్నెక్కడో చూశాను" అన్నాడు హిందీలో.

కంప్యూటరు దాకా కూడా పోలేదు, ముఖం చూసే పట్టేశాడు. నాకు ప్రాణం పోయినంత పనైంది. త్రిబుల్ రైడింగు చెప్పాను, బెంచీ చెప్పాను, దరఖాస్తులో అబద్ధం చెప్పాను. ఆ ఊపులో, టికెట్టు లేకుండా సికింద్రాబాదు దాకా రైలెక్కిన సంగతీ కక్కేశాను. ఆయన ప్రతిదానికీ గంభీరంగా తలూపాడు. నా చెమటకి బల్ల మీద కాగితం తడిసింది.

అంతా విని, స్టాంపు కోసం పక్కకి తిరిగాడు. అప్పుడు కనబడింది ఆయన కుడి చెవి.

ఆ చెవి నాకు తెలుసు. పది రోజుల కిందట దానికి మిషను పెట్టింది నేనే. మాది పక్కన కూర్చుని చేసే పని, ముఖాలు నాకెప్పుడూ గుర్తుండవు. వినబడనివాళ్ళు ఊరికే తలూపుతుంటారు, నమ్మకండి అని రోగుల ఇంటివాళ్ళకు రోజూ చెప్పేదీ నేనే.

ఆయన మిషను తీసి నా ముందు పెట్టాడు. "పొద్దుటి నుంచీ బ్యాటరీ ఖలాస్. ఒక్క ముక్క వినబడలేదు."

జేబులో బ్యాటరీలు లేకుండా నేను బయటికి రాను. సిరా వేళ్ళతోనే కొత్తది వేసి, చెవికి తగిలించాను.

"ఇప్పుడు చెప్పు, ఇందాకట్నుంచి ఏమంటున్నావు?"

"మిషను బాగా పనిచేస్తోందా అని అడుగుతున్నాను సార్."

స్టాంపు పడింది. ఆ చప్పుడు ఆయనకీ వినబడింది.

ఆ రోజే, రాబోయే లైసెన్సు మీద ఒట్టు పెట్టుకున్నాను: ఎదుటివాడి చెవి పరీక్షించకుండా ఈ జన్మలో ఇక ఏ నేరమూ ఒప్పుకోను.