కొత్త కాలేదు, అయినంక రండి

మా మేనత్త పోయిందని దుమ్ముగూడెం నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ఆవిడ మీదే విసుక్కుంటున్నాను. భద్రాచలంలో నా ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, ఆవిడ వెబ్‌సైటుకి వచ్చిన మెయిళ్ళకి జవాబులు రాస్తున్నాను. అన్నిటికీ ఒకటే జవాబు: ఇంకా కాలేదండీ, కొంచెం ఆగండి. ఏటా ఎండలు మొదలయ్యే వేళకి నాకు ఇదే పని. అత్త పొద్దున టీ తాగి, తన దుకాణం అరుగు మీద కూర్చుని, అలాగే గోడకి ఒరిగిపోయిందట. ప్రతి చిన్నదానికీ నాకు ఫోన్ చేసి ప్రాణం తీసే మనిషి, ఈ ఒక్కటీ చెప్పాపెట్టకుండా చేసింది.

ఆవిడది చిన్న కిరాణా దుకాణం. కోస్తా నుంచి వచ్చిన కుటుంబమే అయినా మాటా తిండీ అన్నీ ఇక్కడివే. మామయ్య పోయాక దుకాణం ఒక్కతే నడిపింది. అడవి ఊళ్ళ ఆడవాళ్ళు పుల్లమామిడి కాయలు ముక్కలు కోసి, ఎండబెట్టి, ఆ ఒరుగులు తెచ్చి అత్తకి అమ్మేవారు. అత్త దగ్గర సంత వ్యాపారి కొనేవాడు. ఒక ఏడు ఆ వ్యాపారి రావడం మానేశాడు. బస్తాలు మిగిలిపోయాయి. ఇక తేవద్దని ఆ ఆడవాళ్ళతో చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు. బస్సెక్కి నా దగ్గరికి వచ్చి, "నీ కంప్యూటర్ల పెట్టి అమ్మరాదే కోడలా" అంది, బీరువాలో చీర పెట్టమన్నంత తేలిగ్గా.

కొత్తగూడెంలో కంప్యూటర్ కోర్సు చేసిన ధైర్యంతో సరేనన్నాను. ఎంత పని? ఒక ఫోటో, ధర, మన చిరునామా, ఆర్డరు రాసే ఫారం. వారంలో అయిపోవాల్సింది వానాకాలమంతా పట్టింది. తెల్ల పింగాణీ ప్లేటులో ఒరుగులు పోసి ఫోటో తీస్తే, దవాఖానాలో పెట్టినట్టుందని వద్దంది. మోదుగాకు తెచ్చి మళ్ళీ తీయించింది. తెలుగు అక్షరాలు అవతలివాళ్ళ కంప్యూటర్లలో వట్టి డబ్బాలుగా కనిపించేవి. అందుకని ప్రతి మాటనీ బొమ్మగా చేసి పెట్టాను. అంటే ఒక్క అక్షరం మారాలన్నా బొమ్మంతా మళ్ళీ చేయాలి. ఆవిడ అక్షరం మార్చమనని రోజు లేదు. ఈలోగా కరెంటు పోయేది, లైను కట్టయ్యేది.

దుకాణానికి ఎవరొచ్చినా ముందు ఒక ముక్క చేతిలో పెట్టి, దేంట్లో వేస్తారని అడగడం ఆవిడకి అలవాటు. పప్పులోకి ఒక రకం, చేపల పులుసులోకి ఒక రకం తీసిచ్చేది. వెబ్‌సైటులో ముక్క ఎలాగూ పెట్టలేను. ఆ ప్రశ్న మాత్రం పెట్టి తీరాలంది. పెట్టాను. "దేంట్లో వేస్తారు?" జవాబు రాయకపోతే ఆర్డరు ముందుకి పోదు. బెంగళూరు నుంచి ఒకాయన ఆ గడిలో "మీకెందుకు?" అని రాశాడు. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే, ఆవిడ ఆ నంబరుకి ఫోన్ చేసి అరగంట మాట్లాడింది. ఆయన ఇప్పటికీ ఏటా కొంటున్నాడు. ఆ సంగతి ఆవిడ నాకు గుర్తుచేయని పండగ లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, కొత్త ఒక ఎత్తు. అడవి ఊళ్ళలో కొత్త పంటని ముందు దేవతకి పెట్టి, ఊరంతా కలిసి పండగ చేసుకున్నాకే ముడతారు. దాన్నే కొత్త పెట్టడం అంటారు. మామిడికీ అంతే. కొత్త అయ్యేదాకా కాయ కోయరు.

రెండో ఏడు అనుకుంటాను, హైదరాబాదులో ఒక పచ్చళ్ళ దుకాణం నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. కొత్త ఒరుగులు కావాలి, జల్దీ కావాలి. చెట్ల నిండా కాయ ఉంది. రోడ్డు పక్క తోటల వాళ్ళు అప్పటికే అమ్ముతున్నారు. కొత్త మాత్రం ఇంకా కాలేదు. నేను ఎగురుకుంటూ ఫోన్ చేస్తే, పంపేది లేదంది. అక్కడితో ఆగక, కొత్త అయ్యేదాకా వెబ్‌సైటే మూసేయమంది. మూయడానికి దానికి షట్టర్ లేదన్నాను. లేకపోతే పెట్టించమంది.

"మనకు కొత్త పెట్టేది లేదు గదత్తా" అన్నాను, ఒళ్ళు మండి.

"కాయ గూడ మనది కాదు గదనే" అంది. "నేను ఇప్పుడు కొయ్యమంటే కాదనలేక కోస్తరేమో. ఇంక నా దుకాణం దిక్కు మళ్ళ ఏ మొకం పెట్టుకొని వస్తరు?"

పచ్చళ్ళ దుకాణంవాళ్ళు మళ్ళీ రాలేదు. ఆ ఆర్డరు పోయిన సంగతి నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

పాత క్యాలెండరు కాగితం వెనక స్కెచ్ పెన్నుతో ఆవిడే రాసిచ్చింది: "కొత్త కాలేదు. అయినంక రండి." అక్షరాలు పెద్దవిగా మొదలుపెట్టింది, చివరికి చోటు చాల్లేదు. "రండి" అన్న మాట అంచుకి తగిలి కిందికి వాలిపోయింది. అందంగా టైపు చేసి పెడతానంటే ఒప్పుకోలేదు. దాన్నే స్కాన్ చేసి మొదటి పేజీలో పెట్టాను. ఇక మెయిళ్ళు మొదలయ్యాయి. "కొత్తవి కాకపోయినా పర్వాలేదు, పాతవే పంపండి." "పాత సరుకైతే ధర తగ్గించండి." తలపట్టుకుని ఆవిడకి చదివి వినిపిస్తే, దగ్గు వచ్చేదాకా నవ్వింది. ఆ రాత మారుద్దామంటే, "అడగనియ్యే. అడిగినోళ్ళకు నువ్వు చెప్తవ్ గద" అంది. అలా కొత్త అంటే ఏమిటో ముక్కూమొహం తెలియనివాళ్ళందరికీ రాసి రాసి నా వేళ్ళు అరిగిపోయాయి. కొన్నేళ్ళకి వాళ్ళే "కొత్తయిందా అమ్మా?" అని అడగడం నేర్చుకున్నారు. పండగ అయిన పొద్దున అత్త ఫోన్ చేసేది. "కొత్తయింది, తెరువ్" అని, నేను ఊఁ అనేలోపే పెట్టేసేది.

దినం నాడు ఆ ఊళ్ళ ఆడవాళ్ళు వచ్చి, వేసి ఉన్న షట్టర్ పక్కన నిలబడ్డారు. అన్నం తిన్నారు, ఏడ్చారు. ఈ ఏడు ఒరుగులు ఎవరికి ఇవ్వాలన్నది ఒక్కరూ అడగలేదు. అదే వాళ్ళ మనసులో ఉందని నాకు తెలుసు. నాకే తెమ్మందామా అంటే, నా సెంటరే అంతంతమాత్రంగా నడుస్తోంది, బస్తాలు పెట్టుకోవడానికి చోటు లేదు, ఓపిక అసలే లేదు.

మొన్న వాళ్ళలో పెద్దామె బస్సు దిగి, చిన్న బుట్టతో మా సెంటరుకి వచ్చింది.

"కొత్తయింది బిడ్డా. మీ అత్త ఉంటే ఫోన్ చేసేది. ఇప్పుడు నీకెవ్వరు చెప్తరని నేనే వచ్చిన."

బుట్టలోంచి ఒక పచ్చికాయ ముక్క తీసి, ముందు నా చేతిలో పెట్టింది. పళ్ళు పులిసిపోయాయి. కళ్ళలో నీళ్ళు తిరిగింది పులుపుకి మాత్రం కాదు. ఒరుగులు ఎండినాక నాకే తెమ్మన్నాను. చోటు ఎక్కడిదో తర్వాత చూసుకోవాలి. ఈ విసుగు కూడా నాకే రాసిపెట్టి వెళ్ళింది మహాతల్లి.

వెబ్‌సైటులో దుకాణం తెరవాలంటే మొదటి పేజీలో ఉన్న అత్త రాత తీసేయాలి. ఇన్నేళ్ళూ రెండు నిమిషాల్లో చేసిన పనిని ఆవేళ రేపటికి వాయిదా వేద్దామనుకున్నాను. పెద్దామె చూస్తూ కూర్చుంది కాబట్టి చేశాను. ఒరుగుల ఫోటో ఉన్న పేజీ ఎక్కించి, రిఫ్రెష్ నొక్కాను. తెర మారలేదు. పక్క కంప్యూటర్లో చూస్తే దుకాణం తెరిచే ఉంది. నాది మాత్రం పాత పేజీనే దాచుకుని చూపిస్తోంది. ఇది ఏటా ఉన్న గొడవే. ఏటా కంప్యూటర్ని తిట్టి, అది పోయేదాకా నొక్కుతాను.

"ఇంకా మూసే ఉందా?" అని అడిగింది పెద్దామె. ఆమెకి చదువు రాదు, ఆ రాత ఎవరిదో మాత్రం తెలుసు.

అందరికీ తెరుచుకుందనీ, ఈ ఒక్కదాంట్లోనే ఇంకా పోలేదనీ చెప్పాను.

"ఉండనీ" అంది.

మళ్ళీ నొక్కలేదు. ఆమె టీ తాగి బస్సుకి వెళ్ళేదాకా ఆ కాగితం తెర మీద అలాగే ఉంది, చోటు చాలక కిందికి వాలిన "రండి"తో సహా.