ఎటు నిలబడి చూస్తే క్లాక్‌వైజ్?

మా కంప్రెసర్‌ను తయారుచేసిన కంపెనీ మరో పెద్ద కంపెనీలో విలీనమైన మరుసటి ఏడాది సంగతి ఇది. మన రాష్ట్రం సరిహద్దు అవతల, గీదం దాటాక రోడ్డు పక్కనున్న ఒక ఇనుము ఫ్యాక్టరీలో నేను మెయింటెనెన్స్ ఇంజనీర్ని. చేరి రెండేళ్ళయింది. అంటే తప్పు చేస్తే ‘పోన్లే, కుర్రాడు’ అని వదిలేసే గడువు అయిపోయింది. నా మాట నమ్మే రోజులు ఇంకా మొదలుకాలేదు.

ఫ్యాక్టరీలో వాల్వు తెరవాలన్నా, ఫిల్టర్ల దుమ్ము దులపాలన్నా ఒత్తిడితో కూడిన గాలి కావాలి. ఆ గాలినిచ్చేది సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్. దాని ప్రాణమంతా ఇంపెల్లర్‌లో ఉంటుంది. టిఫిన్ ప్లేటంత స్టీలు చక్రం, దాని మీద వంపు తిరిగిన రెక్కలు. నిమిషానికి ముప్పై వేల చుట్లకు పైగా తిరుగుతూ గాలిని మధ్యలోంచి పీల్చి అంచుల్లోంచి విసురుతుంది. దానికీ పైనున్న కవరుకీ మధ్య ఖాళీ మూడు నాలుగు కాగితాల మందం. మొదటిసారి ఈ సంగతి విన్నప్పుడు నేను రెండడుగులు వెనక్కి జరిగి చేతులు కట్టుకున్నాను. చూసినవాళ్ళు భక్తి అనుకున్నారు. భయం.

ఆ ఏడాది వానలు ఇంకా మొదలుకాకముందే బేరింగు దెబ్బతిని ఇంపెల్లర్ కవరును ఒరుసుకుంది. విప్పి చూస్తే రెక్కలు లేవు. తిరుపతి వెళ్ళొచ్చినట్టు నున్నటి గుండు.

ప్లాంట్ హెడ్ హిందీలో తేల్చేశారు. “అప్పటిదాకా చిన్న కంప్రెసర్లతో నెట్టుకొద్దాం. దీపావళి లోపు ఇది నడిస్తే సరే. నడవకపోతే తుక్కు కింద వేసి అద్దె మెషీన్లు తెద్దాం. వాటిని నడిపే మనుషుల్ని అద్దెకిచ్చేవాళ్ళే తెచ్చుకుంటారు.”

ఆ చివరి వాక్యం కోసన్న గురించి. బాసగూడ వైపు గోండు మనిషి, ఫిట్టర్. ఇరవై ఏళ్ళుగా ఆ ఒక్క మెషీనే ఆయన పని. నాలుగు భాషలు మాట్లాడతాడు, కానీ ఎక్కువ మాట్లాడింది దానితోనే.

“గేటు కాడ కాపలాకు కుర్చీ ఏసిస్తరంట సారూ,” అన్నాడు బయటికొచ్చాక.

“మంచిదే కదా కోసన్నా, నీడపట్టున కూర్చోవచ్చు.”

“కూసుంటే నాకు నిద్దరొస్తది. నిద్దరవోతే తీసేస్తరు. దానికన్న ఇప్పుడే తీసేస్తే ఒక పని అయిపోతది.”

నేను భోపాలపట్నంలో కిరాణా కొట్టు ఇంట్లో పుట్టినవాణ్ణి. ‘సరుకు లేదు’ అనే మాట మా ఇంట్లో బూతు కింద లెక్క. కానీ విలీనం తర్వాత పాత కంపెనీ పార్టు నంబర్లన్నీ మారిపోయాయి. మా నంబరు కొడితే కొత్త కంపెనీ వెబ్‌సైటు ‘అలాంటి వస్తువు లేదు’ అంది. లేని వస్తువు గుండుతో నా టేబుల్ మీదే కూర్చుని ఉంది. పదిహేను రోజులు ఫోన్లు చేస్తే, పుణెలో వాళ్ళ సర్వీస్ ఆఫీసు మూలన మా పాత డ్రాయింగు దొరికింది. దానికి సరిపోయే ఫోర్జింగు, అంటే దెబ్బలు కొట్టి గట్టిపరచిన స్టీలు ముద్ద, ఒక్కటే ఉందట. ఆ ముద్దనే చెక్కి చక్రం చేస్తారు. చెక్కింది తప్పయితే ఇంకో ముద్ద రావడానికి అయిదారు నెలలు. అప్పటికి దీపావళీ ఉండదు, కోసన్నా ఉండడు.

ఫారం పంపారు. పాత డ్రాయింగులో కొలతలే ఉన్నాయట, అందుకే ‘తిరిగే దిశ’ అన్నచోట రెండు గళ్ళు. పాత నేమ్‌ప్లేటు మీద క్లాక్‌వైజ్ అని ఉంది. టిక్కు పెట్టాను. వాళ్ళు కంప్యూటర్లో గీసిన బొమ్మ ఆమోదానికి వచ్చింది. పొద్దున్నే ఆమోదించేశాను. ఆ తర్వాత, చూసి సంతోషిస్తాడు కదా అని కోసన్నను పిలిచి చూపించాను. ఈ వరస మీకు తలకిందులుగా కనిపిస్తే, అవును, తలకిందులే.

రెక్కల వంపు వెంట స్క్రీన్ మీద వేలు జరిపాడు.

“గిది మన చక్రం కాదు సారూ. గిది మీ పెండ్లి. మనది మా పెండ్లి.”

“ఏంది కోసన్నా?”

“మీ పెండ్లిల పొయ్యి సుట్టు ఎటు తిరుగుతరు? గడియారం లెక్క. మేము ఎదురు తిరుగుతం. మన మెషీన్ గూడ గట్లనే తిరుగుతది. గీ రెక్కల వంపు జూడు, మీ దిక్కుంది.”

“అది పొయ్యి కాదు, హోమం,” అన్నాను.

ఆయన వాదించలేదు. టేబుల్ మీది గుండు ఇంపెల్లర్‌ను తీసుకుని దాని మీద చాక్‌పీస్ పొడి చల్లాడు, అరచేత్తో రుద్దాడు, ఉఫ్ అని ఊదాడు. రెక్కలు ఊడిన చోట మొదళ్ళ గరుకులో పొడి నిలిచింది. నున్నటి స్టీలు మీద తెల్లటి వంపు గీతలు ఒక్కొక్కటే తేలాయి, చనిపోయిన చక్రం తన బొమ్మ తనే గీసుకున్నట్టు. స్క్రీన్ మీద వంపు ఇటు. చేతిలో వంపు అటు. అద్దంలో ప్రతిబింబం.

ఫారం మళ్ళీ తెరిచి అక్షరం అక్షరం చదివాను. అలా చదవడం అదే మొదటిసారి.

సంగతి చిన్నది. పాత కంపెనీ మోటారు వైపు నిలబడి చూసి క్లాక్‌వైజ్ అనేది. కొత్త కంపెనీ గాలి లోపలికి వెళ్ళే వైపు నుంచి చూస్తుంది. విలీనంలో రెండూ ఒకటయ్యాయి, నిలబడే చోటు మాత్రం మారింది. అది ఫారంలో కింద చీమ తలకాయలంత అక్షరాల్లో రాసి ఉంది. తప్పు చక్రం బిగిస్తే గాలి సరిగా రాదు, వచ్చింది కూడా వెనక్కి తన్ని మెషీన్ ఊగిపోతుంది. దాన్ని సర్జ్ అంటారు.

పుణెకి ఫోన్ చేశాను. “చెక్కడం మొదలుపెట్టేశారా?”

“నహీ సర్, ఆపరేటర్ ఛుట్టీ పే హై. సాలీ కీ శాదీ హై.”

మరదలి పెళ్ళికి సెలవు పెట్టాడట. టిక్కు రెండో గడిలోకి మార్పించి, ఆ పెళ్ళిలో ఎటు తిరిగినా సరే, నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలని దీవించాను.

దసరాకు ముందు చెక్క పెట్టె వచ్చింది. కోసన్న సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని చక్రాన్ని బయటికి తీశాడు. ఒక్క అతుకు లేదు. ఒకే ముద్దలోంచి చెక్కిన పల్చటి రెక్కలు, పువ్వు విచ్చుకుంటూ మధ్యలో ఆగినట్టు. బ్యాలెన్సింగు కోసం, అంటే ఏ పక్కా బరువెక్కకుండా, వెనక ఎక్కడో గోరంత గీకారట. ఎంత వెతికినా ఆ చోటు నాకు కనబడలేదు. కోసన్న వేలికి దొరికింది.

స్టార్ట్ చేసే రోజు కొబ్బరికాయ కొట్టి, బటన్ నొక్కాను. గురగుర మొదలై, సన్నబడి, చివరికి ఒకే ఒక్క శ్రుతి దగ్గర నిలిచింది. కోసన్న కవరు మీద స్టీలు గ్లాసుతో పాలు లేని లాల్ చాయ్ పెట్టాడు. అందులో అల లేదు. ప్లాంట్ హెడ్ వంగి గ్లాసులోకి చూసి, “కోసా, ఆ గేటు సంగతి మర్చిపో,” అని వెళ్ళిపోయారు. కోసన్న ఆ చాయ్ తాగేశాడు.

అప్పటి నుంచీ ఏ ఫారం వచ్చినా ముందు ఒక ప్రశ్న రాసి పంపుతాను: మీరు ఎటు నిలబడి చూస్తున్నారు? పుణెవాళ్ళు మొదట్లో విసుక్కునేవారు. ఇప్పుడు వాళ్ళే అడుగుతున్నారు.

మెషీన్ మళ్ళీ నడిచిన ఆ రోజు అందరూ వెళ్ళాక అలవాటుకొద్దీ మెషీన్‌కు ప్రదక్షిణం మొదలుపెట్టాను. వెనక మలుపులో కోసన్న ఎదురై గుద్దుకోబోయాడు. ఆయనా తిరుగుతున్నాడు, ఆయన దిక్కున.

“ఏంది సారూ, ఎదురొస్తున్నవ్?”

“నువ్వే ఎదురొస్తున్నావు కోసన్నా.”

“ఎటు నిలవడి జూస్తే?” అన్నాడు.